మేడమెట్లు ఏ అంతస్తువి?

మీ ఇంట్లోనో, మీ బడిలోనో మేడ మీదికి మెట్లుంటాయి. రోజూ ఎక్కుతూ దిగుతూనే ఉంటారు. ఈసారి దిగేటప్పుడు సరిగ్గా మధ్య మెట్టు మీద ఆగి ఒక ప్రశ్న వేసుకోండి: “నేనిప్పుడు కింది అంతస్తులో ఉన్నానా, పై అంతస్తులో ఉన్నానా?” వినడానికి తమాషాగానే ఉంటుంది. కాని ఈ ప్రశ్నకు అందరూ ఒకే జవాబు చెప్పకపోతే ఇళ్ళ లెక్కలు తారుమారవుతాయి. అమెరికాలో ఇళ్ళు కొలిచేవాళ్ళు దీనికోసం ఒక నియమమే రాసుకున్నారు.

ఈ సంగతి నా దృష్టికి తెచ్చినవాడు ఒకప్పుడు నా దగ్గర పదో తరగతి చదివిన కుర్రవాడు. ఇప్పుడు టెక్సాస్ రాష్ట్రంలో డల్లాస్ దగ్గర ఉద్యోగం చేసుకుంటున్నాడు. అక్కడ మేడ ఇల్లొకటి కొనబోతూ కాగితాలన్నీ నాకు పంపాడు. “మాస్టారూ, ఒకే ఇంటికి మూడు వైశాల్యాలు వస్తున్నాయి. ఎవరిది తప్పు?” అన్నది వాడి ప్రశ్న. అమ్మేవారి ప్రకటనలో 1664 చదరపు అడుగులు. అప్పిచ్చే బ్యాంకు తరఫున వచ్చి కొలిచినాయన గీసిన పటంలో 1535. నమ్మకం కుదరక వీడే టేపు పట్టుకొని కొలిస్తే 1496. ఇందులో ఒకటే సరైనది. అది ఏదో కాసేపట్లో మీరే చెబుతారు.

ముందు ఆ కొలిచినాయన సంగతి. ఆయన్ని అక్కడ అప్రైజరు అంటారు. ఇంటికి విలువ కట్టడం ఆయన వృత్తి. బ్యాంకు అప్పిచ్చేటప్పుడు కొనే ధర, అప్రైజరు కట్టిన విలువ, ఈ రెంటిలో ఏది తక్కువైతే దాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. విలువ తగ్గితే ఆ తేడా కొనేవాడు తన చేతినుంచి పెట్టుకోవాలి, లేదా అమ్మేవాడితో బేరమాడుకోవాలి. అందువల్ల ఆయన పటంలోని ప్రతి గీతకూ ఒక కుటుంబం ఎదురుచూస్తూ ఉంటుంది.

విలువ ఎలా కడతాడు? చుట్టుపక్కల ఈమధ్య అమ్ముడైన అలాంటి ఇళ్ళతో ఈ ఇంటిని పోలుస్తాడు. పోల్చాలంటే అన్నింటినీ ఒకే పద్ధతిలో కొలవాలి గదా! ఒకరు మెట్లను కలిపి, ఒకరు మెట్లను వదిలి కొలిస్తే ఆ పోలికకు అర్థమేముంది? ఈ గందరగోళం తీర్చడానికి 1996లో అమెరికన్ నేషనల్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూట్ ఆమోదంతో జెడ్ 765 అనే ప్రమాణం వెలువడింది. తరవాత దాన్ని కొన్నిసార్లు సవరించారు. బ్యాంకుల దగ్గర ఇళ్ళ అప్పులను కొనే ఫానీ మే అనే పెద్ద సంస్థ ఒకటుంది. అది 1938లో పుట్టింది. తాను కొనే అప్పుల విషయంలో అప్రైజర్లు ఈ ప్రమాణం 2021 ప్రతి ప్రకారమే ఇల్లు కొలవాలని ఆ సంస్థ 2022 ఏప్రిల్ 1 నుంచి నిబంధన పెట్టింది. అంతవరకూ ఎవరి అలవాటు వారిదిగా ఉన్న పని అప్పటినుంచి చాలావరకు ఒక దారికి వచ్చింది.

ఆ ప్రమాణం ప్రకారం ఇంటిని బయటి గోడల వెలుపలి ముఖం వెంబడి కొలవాలి. కొలత దగ్గరి అంగుళానికో, అడుగులో పదోవంతుకో సరిపోతే చాలు. చివరికి వచ్చిన వైశాల్యాన్ని పూర్తి చదరపు అడుగుకు సవరించి చెప్పాలి. ఇక్కడ మా పిల్లలు తరచు పడే గోతిలో పెద్దవాళ్ళు కూడా పడుతుంటారు. 26 అడుగుల 9 అంగుళాలంటే 26.9 అడుగులు కాదు, 26.75 అడుగులు. అడుగుకు పన్నెండు అంగుళాలు, పది కాదు. 32 అడుగుల పొడవున్న ఇంటికి ఈ ఒక్క పొరపాటుతో దాదాపు 5 చదరపు అడుగులు ఉత్తపుణ్యానికి పెరిగిపోతాయి.

ఇప్పుడు టేపుతోపాటు లేజరు కొలబద్ద కూడా వాడుతున్నారు. ఎదుటి గోడమీద ఎర్రటి చుక్క పడుతుంది, మీట నొక్కగానే దూరం తెరమీద కనిపిస్తుంది. గోడ 30 అడుగుల దూరంలో ఉంటే వెలుగు వెళ్ళి తిరిగి రావడానికి పట్టే కాలం సుమారు 60 నానోసెకన్లు. నానోసెకను అంటే సెకనులో వంద కోట్లవ భాగం. ఒక్క అంగుళం తేడాను పట్టుకోవాలంటే నానోసెకనులో ఆరోవంతు కాలాన్ని గుర్తించాలి! అంత చిన్న కాలాన్ని నేరుగా కొలవడం కష్టం. అందుకని ఇలాంటి చాలా పరికరాలు వెలుగు తీవ్రతను అలలుగా హెచ్చించి తగ్గిస్తూ పంపిస్తాయి. వెళ్ళిన అలకూ తిరిగివచ్చిన అలకూ మధ్య ఎంత వెనకబాటు ఉందో చూసి దూరం లెక్కకడతాయి.

కొలతలన్నీ అయ్యాక పటం మూసుకుంటుందో లేదో చూసుకోవాలి. ఇంటి చుట్టూ తిరుగుతూ తూర్పుకు నడిచిన దూరాలన్నీ కలిపితే ఎంతవుతుందో, పడమటికి నడిచినవన్నీ కలిపితే అంతే కావాలి. ఉత్తర దక్షిణాలకూ అంతే. బయలుదేరిన చోటికే తిరిగి వచ్చాం గనుక ఇది తప్పదు. సరిపోకపోతే ఎక్కడో టేపు జారిందన్నమాట. చిన్న మెలికే గాని, ఎంత ఖరీదైన పరికరం ఉన్నా ఈ పరీక్ష లేకుండా పటాన్ని నమ్మకూడదు.

ఇక మెట్ల దగ్గరికి వద్దాం. కాలు మోపే అడ్డపలకను ట్రెడ్డు అనీ, నిలువుగా లేచే ముఖాన్ని రైజరు అనీ మన తాపీమేస్త్రీలు కూడా అంటారు. అమెరికాలో అనేక రాష్ట్రాలు అనుసరించే గృహనిర్మాణ నియమావళి ప్రకారం రైజరు ఎత్తు 7¾ అంగుళాలకు మించకూడదు. ట్రెడ్డు లోతు 10 అంగుళాలకు తగ్గకూడదు. మెట్ల వెడల్పు కనీసం 3 అడుగులుండాలి. కింది నేలనుంచి పై నేలకు 9 అడుగులు, అంటే 108 అంగుళాలు ఉందనుకుందాం. 13 రైజర్లు పెడితే ఒక్కొక్కటి 8 అంగుళాలు దాటిపోతుంది, నియమం ఒప్పుకోదు. 14 పెడితే 7.7 అంగుళాలు వస్తుంది, సరిపోతుంది. చివరి రైజరు ఎక్కగానే పై అంతస్తు నేల మీదే కాలు పెడతాం. అందుకే 14 రైజర్లకు 13 ట్రెడ్లే ఉంటాయి. మీ ఇంటి మెట్లు లెక్కపెట్టి చూడండి, ఎప్పుడూ ఒకటి తేడా వస్తుంది.

ఈ మెట్ల వైశాల్యం ఎంత? మెట్లమీద ప్రతి ట్రెడ్డునూ ప్రతి రైజరునూ తాకేలా చాప పరిచామనుకోండి. దాని పొడవు 130, 108 కలిపి 238 అంగుళాలు. మూడడుగుల వెడల్పుతో గుణిస్తే 59.5 చదరపు అడుగులు. అలాగాక పై అంచునుంచి మెట్ల పాదం దాకా ఊహలో ఒక సూటిగీత గీస్తే పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం కర్ణం 169 అంగుళాలు. దానితో గుణిస్తే 42.25 చదరపు అడుగులు. కేవలం ట్రెడ్ల అడ్డకొలతలే తీసుకుంటే 130 అంగుళాలు, వైశాల్యం 32.5 చదరపు అడుగులు. ఒకే మెట్లకు మూడు జవాబులు!

అప్రైజరు మూడోదాన్నే తీసుకుంటాడు. కారణం సులువు. ఇంటి వైశాల్యమంటే పైనుంచి నిట్టనిలువుగా చూసినప్పుడు కనిపించే పరపు. గణితంలో దీన్ని విక్షేపం అంటారు. మన ప్రాంతంలో ఏడాదికి రెండు రోజులు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ క్షణాన ఆరుబయట ఉన్న నిచ్చెన నీడ ఎంత పడుతుందో అదే దాని విక్షేపం. నిచ్చెన ఎంత పొడవున్నా, అది ఎంత నేలను ఆక్రమించిందో ఆ నీడే చెబుతుంది. కొన్ని మెట్లకు ట్రెడ్డు అంచు కింది ట్రెడ్డు మీదికి అంగుళం దాకా పొడుచుకువస్తుంది. అందుకని ట్రెడ్డు లోతును అంచునుంచి అంచుకు కొలవాలి. లేకపోతే ఆ అంగుళాన్ని ప్రతి మెట్టుకూ రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది.

సరే, ఈ వైశాల్యం ఏ అంతస్తు ఖాతాలో పడాలి? ప్రమాణం చెప్పే జవాబు: మెట్లు ఏ అంతస్తునుంచి కిందికి దిగుతాయో ఆ అంతస్తువి. అంటే మేడమెట్లు మేడవే. మధ్యలో వచ్చే ల్యాండింగు కూడా దానిదే. అయితే ఒక హద్దు ఉంది. పై అంతస్తు నేలలో మెట్లకోసం విడిచిన కంత వైశాల్యాన్ని మించి లెక్కవేయకూడదు.

ఎందుకలా? ఇంటి పైకప్పు తీసేసి, పై అంతస్తును ఆకాశంనుంచి చూస్తున్నట్లు ఊహించుకోండి. గదుల నేల కనిపిస్తుంది. ఒకచోట మాత్రం నేలలో కంత ఉంది. ఆ కంతలోనుంచి మెట్లు కనిపిస్తున్నాయి. అక్కడ నడవడానికి వీలుంది గనుక ఆ భాగం పై అంతస్తుకు జమ. మరి కింది అంతస్తు మాటేమిటి? దాని నేలకు కంత ఏమీ పడలేదు. మెట్ల కింద కూడా నేల అలాగే ఉంది, అక్కడ బీరువా పెట్టుకుంటారు, చీపుళ్ళు దాచుకుంటారు. అందువల్ల కింది అంతస్తు వైశాల్యంలో దేన్నీ తీసెయ్యనక్కర్లేదు. మామూలు గదిని లెక్కలోకి తీసుకోవాలంటే కప్పు 7 అడుగుల ఎత్తు ఉండాలని ఈ ప్రమాణం అంటుంది. మెట్ల కింది చోటుకు మాత్రం ఎత్తు హద్దు పెట్టలేదు.

“అదేమిటి మాస్టారూ, ఒకే చోటును రెండుసార్లు లెక్కపెట్టినట్టు కాదా?” అని మావాడు అడిగాడు. కాదు. కింద ఉన్నది నేల, పైన ఉన్నది మెట్టు. రెండూ వేరు వేరు తలాలు. కింది గది మీద పై గది ఉంటే రెంటినీ లెక్కపెడతాం గదా, ఇదీ అంతే. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. ఇది న్యూటన్ సూత్రంలాంటి ప్రకృతి నియమం కాదు, మనుషుల మధ్య ఒప్పందం. మెట్లు కింది అంతస్తువి అని రాసుకొని ఉంటే అందరూ అలాగే కొలిచేవాళ్ళు. కాని పై నేలలోని కంతను పూడ్చేవి మెట్లే గనుక ఈ ఒప్పందమే తెలివైనదని నా అభిప్రాయం.

కంత హద్దు ఎందుకో చూద్దాం. మనం ఇందాక లెక్కవేసిన మెట్లే తీసుకోండి. కింది గది కప్పు 96 అంగుళాల ఎత్తున ఉంది. అంటే పై నేల మందం 12 అంగుళాలు. మెట్లు దిగేవాడి తలకు కప్పు తగలకూడదు గనుక మెట్ల అంచు గీతకూ కప్పుకూ మధ్య కనీసం 80 అంగుళాలుండాలని నిర్మాణ నియమం. పై నేలనుంచి 92 అంగుళాలు దిగాక అంత ఎత్తు దొరుకుతుంది. ఎందుకంటే 92లోంచి మందం 12 పోతే 80. ఒక్కో మెట్టుకు 7.7 అంగుళాలు దిగుతూ 10 అంగుళాలు ముందుకు పోతాం. ఆ లెక్కన 92 అంగుళాలు దిగేసరికి ముందుకు పోయేది దాదాపు 120 అంగుళాలు. కాబట్టి మేస్త్రీ 10 అడుగుల కంత విడిస్తే చాలు. కాని ట్రెడ్ల మొత్తం 10 అడుగుల 10 అంగుళాలు! మిగిలిన 10 అంగుళాలు, అంటే అన్నిటికన్నా కింది ట్రెడ్డు, పై అంతస్తు గది నేల కిందికి దూరి ఉంటుంది. ఆ గది నేలను ఇదివరకే లెక్కపెట్టాం. దాని కిందున్న ట్రెడ్డును కూడా పై అంతస్తుకే రాస్తే అది నిజంగానే రెండుసార్లు రాసినట్టు. అందుకే 32.5కు బదులు 30 చదరపు అడుగులే చెల్లుతుంది.

మామూలు ఇంట్లో కంత మెట్లకు సరిపడా మాత్రమే ఉంటుంది గనుక పై అంతస్తులో తీసివేతలేమీ రావు, చుట్టుకొలత చూసుకొని వైశాల్యం కట్టేస్తే సరి. చిక్కల్లా హాలు మీద కప్పు వెయ్యకుండా రెండంతస్తుల ఎత్తున ఖాళీ వదిలిన ఇళ్ళతోనే. మా కుర్రవాడి ఇల్లు అలాంటిదే. బయటి కొలత 32 అడుగులు, 26 అడుగులు. అంటే అంతస్తుకు 832. ఇంటి నడుమ హాలు మీద 14 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు ఖాళీ ఉంది. దాని వైశాల్యం 168. ఆ ఖాళీలో ఒక మూలగా మెట్లు వంకర తిరిగి లేస్తాయి. ఆరు ట్రెడ్లు, ఒక ల్యాండింగు, మళ్ళీ ఆరు ట్రెడ్లు. ఆరు ట్రెడ్లు 5 అడుగులు, 3 అడుగుల వెడల్పుతో 15. అలాంటివి రెండు, అంటే 30. ల్యాండింగు 3 అడుగుల చదరం, 9. మొత్తం 39.

అమ్మేవారి ప్రకటన 832ను రెండుతో గుణించి 1664 అనేసింది. గాలిని కూడా నేలకింద జమకట్టింది! మావాడు దానికి విరుద్ధంగా ఖాళీ మొత్తం 168ని తీసేసి పై అంతస్తు 664 అన్నాడు, మెట్లను మరిచిపోయాడు. అప్రైజరు 168లోంచి మెట్లు 39 తీసి, నిజమైన ఖాళీ 129 అని తేల్చి, 832లోంచి 129 పోగా 703 రాశాడు. దానికి కింది అంతస్తు 832 కలిపితే 1535. సరైనది ఏదో ఇప్పుడు మీకు తెలిసింది. అప్రైజరు వైశాల్యాన్ని ఒక ధరతో గుణించి ఊరుకోడు, పోలిక ఇళ్ళతో తేడాలు చూసి సర్దుతాడు. అయినా చదరపు అడుగుకు నూరు డాలర్లనుకుంటే గాలికి కట్టబోయిన వెల 12,900 డాలర్లు. మావాడు ఆ పటం చూపించి మళ్ళీ బేరమాడాడు. తన 1496 మాట మాత్రం ఎవరికీ చెప్పలేదట.

ఇక పటంలో మెట్లు ఎలా గీస్తారంటే, ఒక దీర్ఘచతురస్రం, అందులో ట్రెడ్లకు గుర్తుగా అడ్డగీతలు, ఎక్కే దిక్కుకో దిగే దిక్కుకో ఒక బాణం. ఖాళీని వేరే గీతతో గీసి వైశాల్యాన్ని రుణసంఖ్యగా రాస్తారు. మేడ బయటి గోడను కొలవడానికి నిచ్చెన వేసుకొని ఎక్కలేరు గదా! లోపలినుంచి కొలిచి గోడ మందం కలుపుకుంటారు. అప్పుడు పై పటాన్ని కింది పటం మీద సరిగ్గా కూర్చోబెట్టడానికి మెట్లే ఆనవాలు. రెండంతస్తుల్లోనూ నిట్టనిలువుగా ఒకేచోట ఉండే వస్తువు అది.

చలి ఎక్కువగా ఉండే రాష్ట్రాల్లో పునాదిని నేల గడ్డకట్టే లోతు దాటించి వెయ్యాలి. ఎలాగూ అంత లోతు తవ్వుతారు గనుక అక్కడ నేలమాళిగలు ఎక్కువ. నేలమాళిగ వైశాల్యాన్ని ఎప్పుడూ విడిగానే రాయాలి, పై అంతస్తులతో కలపకూడదు. దానిలోకి దిగే మెట్లు మాత్రం ఇంటి మొదటి అంతస్తు ఖాతాలోకే వస్తాయి, దిగేది అక్కడినుంచే గనుక. అటకను గదిగా మలిస్తే దాని మెట్లు అటకవి. స్తంభం చుట్టూ తిరిగే గుండ్రటి మెట్లుంటే ఒక్కో ట్రెడ్డు వృత్తంలో ఒక ముక్క. ఒక్కొక్కటి 30 డిగ్రీలైతే పన్నెండింటితో పూర్తి వృత్తం అయిపోతుంది, పదమూడోది మొదటిదాని కిందికి చేరుతుంది. అక్కడా కంత హద్దే మనల్ని కాపాడుతుంది.

మన దగ్గర ఇల్లు కొలిచే తీరు వేరు. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం ప్రకారం అపార్టుమెంటును కార్పెట్ ఏరియా లెక్కన చెప్పాలి. అందులో బయటి గోడల మందం చేరదు, లోపలి అడ్డగోడలు చేరతాయి. అందరూ ఎక్కిదిగే మెట్లు ఎవరి ఇంటి కార్పెట్ ఏరియాలోకీ రావు. ఇందాకటి 32, 26 అడుగుల అంతస్తునే ఆరు అంగుళాల గోడల లోపలినుంచి కొలిస్తే 31, 25 అడుగులు. అంటే 832కు బదులు 775. గోడలే 57 చదరపు అడుగులు మింగేశాయి! కాబట్టి అమెరికాలో ఉన్న మీ మామయ్య ఇల్లు రెండువేల అడుగులంటే మీ ఇంటితో వెంటనే పోల్చెయ్యకండి.

మన ఊళ్ళలో ఎక్కువగా కనిపించేవి సగం ఎక్కి వెనక్కి తిరిగే మెట్లు. మీకొక లెక్క ఇస్తాను. పక్కపక్కనే రెండు వరసలు, ఒక్కొక్కటి 3 అడుగుల వెడల్పు, నడుమ అర అడుగు సందు. ఒక్కో వరసలో 10 అంగుళాల ట్రెడ్లు తొమ్మిది. చివర 3 అడుగుల లోతున, ఆ మూలనుంచి ఈ మూలదాకా ల్యాండింగు. ఇవన్నీ సరిగ్గా పట్టేలా పై నేలలో కంత విడిచారు. అమెరికా ప్రమాణం ప్రకారం పై అంతస్తు వైశాల్యంలోంచి ఎంత తీసెయ్యాలి? కాగితం, పెన్సిలు తీసుకొని పటం గీసి చూడండి. కంత 68.25, మెట్లూ ల్యాండింగూ కలిపి 64.5 వస్తే మీరు దారిలో ఉన్నట్టే. తీసెయ్యాల్సింది నడుమ సందు ఒక్కటే, 3.75 చదరపు అడుగులు.